రెండు మిల్లీమీటర్ల ఎడం

పాపాయమ్మ కింది పెదవిని పళ్ల డాక్టర్ దేవకుమారి రెండు వేళ్లతో బయటికి మడిచి, చూసి, అలాగే ఉండిపోయింది. పోయిన వారం మనం ఆగింది అక్కడే. పెదవి లోపలివైపు, కుడిపక్కన, కందిగింజంత బొబ్బ. పైన తెల్లటి పొర. అది కాలిన గాయం.

దవడ ఎముకలో స్క్రూ దించి అప్పటికి ఎనిమిది రోజులు. ఆ పొద్దున కుట్లు విప్పుతాను రమ్మంటే పాపాయమ్మ ఫిషింగ్ హార్బరు నుంచి తిన్నగా వచ్చింది. జెట్టీ మీద చేపల వేలంలో ధర కేకేసి పాట పాడడం ఆమె పని. ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఆమె గొంతుకి ఎదురు లేదు. కుడివైపు కింది దవడపళ్లు పోయాక కట్టుడు పళ్లు పెట్టించుకుంది గాని, ఒకనాడు వంజరాల గంప ముందు నిలబడి గొంతెత్తి పాడుతుంటే ఆ సెట్టు ఊడి గంపలో పడింది. పాట గెలిచినవాడు గంపలో ఉన్నదంతా తనదేనని పట్టుబట్టాడు. నెల రోజులు జెట్టీ మీద అదే నవ్వు. ఊడిరాని పన్ను కావాలని ఆమె దేవకుమారి గడప తొక్కింది అందుకే. ఎముకలో టైటానియం స్క్రూ దించి, మూడు నెలలు అతుక్కోనిచ్చి, దానిమీద పన్ను నిలబెట్టే విద్య దేవకుమారి మద్రాసులో గురువుగారి దగ్గర నేర్చుకుని వచ్చింది. విశాఖపట్నంలో ఆమె చేతిమీద ఆ స్క్రూ వేయించుకున్న మొదటి మనిషి పాపాయమ్మే.

"ఇదేమిటి పాపాయమ్మా?"

"ఏటమ్మా?"

"పెదవి కాలింది."

"కాల్లేదమ్మా. పులుసు తొందరగా తాగీసినాను. అదయ్యుంటాది."

"పులుసైతే నాలుక కాలాలి. పెదవి లోపల ఇంత గుండ్రంగా కాలదు."

పాపాయమ్మ గోడమీది చర్చి క్యాలెండరు వైపు చూపు తిప్పుకుంది. అందులో గొర్రెపిల్లలు మేస్తున్నాయి. వాటిని లెక్కపెడుతున్నంత శ్రద్ధగా చూసింది.

"అడ్డపొగ మానేశానని నాకు ప్రమాణం చేశావు. మూడు నెలలు పొగ తగలకూడదని చెప్పానా లేదా?"

"సెప్పినావు."

"మరి?"

"మానీసినానమ్మా. రోజుకి నాలుగు కాల్సీదాన్ని. మూడు మానీసినాను. మూడు మానీడం మానీడం కాదేటి?"

ఇంకో రోజైతే దేవకుమారి నవ్వేది. ఆమె మనసు అప్పటికే వేరే చోట ఉంది. ఈ తీరపు ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అదే అడ్డపొగ. సముద్రపు గాలికి ఆరదు, రెండు చేతులూ గంపకి ఖాళీగా ఉంటాయి. నిప్పు ఎక్కడుందో నాలుకకీ పెదవికీ తెలుస్తూనే ఉంటుంది. అందుకే వాళ్ల పెదవులు కాలవు. ముప్పై ఏళ్లుగా నిప్పుని నోట్లో తిప్పుకున్న మనిషి ఇవాళ ఎందుకు కాల్చుకుంది?

"ఎప్పుడు కాలింది?"

"నాకేటి తెలుసు?" అంది పాపాయమ్మ విసురుగా. అన్నాక నాలుక కరుచుకుంది.

దేవకుమారి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చురుక్కుమనలేదా?"

పాపాయమ్మ చెంగు తీసి నోటి కుడి మూల తుడుచుకుంది. అక్కడ లాలాజలం కారుతున్న సంగతి ఆమెకి తెలియదు, చెంగు తడిసి ఉంటుందని మాత్రం తెలుసు. ఆ తుడుచుకోవడం అలవాటైన తీరు దేవకుమారి చూసింది.

"ఎన్నాళ్లుగా?"

"నువ్వు మత్తు సూది పొడిసిన కాణ్నించి. ఈపక్క పెదిమ నాది కాదమ్మా. ఎవరిదో తెచ్చి అతికించినట్టున్నాది."

"ఎనిమిది రోజులా! మూడోనాడు మీ ఇంటికొచ్చి అడిగానే. బాగుందన్నావే!"

"ఆ రోజు పొద్దున్నే సుట్ట కాల్సినాను. బాగునేదని సెప్తే పెదిమ సూత్తావు. సూత్తే బొబ్బ కనిపిత్తాది. తిడతావని ఊరుకున్నాను." పాపాయమ్మ గొంతు తగ్గింది. "మొన్న పాటలో నోటమ్మట నీళ్లు కారిపోనాయి. కన్నబాబు నవ్వినాడు. ఆడికి నా సోటు మీద కన్ను. పెదిమ ఇలగే ఉండిపోతే నా పాట అయిపోయినట్టేనా, డాట్రమ్మా?"

దేవకుమారి దూది డబ్బా దగ్గరికి లాక్కుంది. చుట్ట దాచబోయి తిమ్మిరి దాచింది ఈమె. తను పెదవి మడిచి చూడకుండా నోటిమాట నమ్మింది. ఎవరిది పెద్ద తప్పో తేల్చుకునే సమయం కాదది.

"కళ్లు మూసుకో" అంది.

దూదిని సన్నటి పోగుగా తీసి, ఎడమ చెంప నుంచి మొదలుపెట్టింది. తగిలినప్పుడల్లా చెప్పమంది. "ఊఁ... ఊఁ... ఊఁ" అంటూ వచ్చిన పాపాయమ్మ గెడ్డం మధ్యకి రాగానే ఆగిపోయింది. దూది కుడివైపు పెదవి మీద, గెడ్డం మీద తిరిగింది. గదిలో చప్పుడు లేదు. కుడి చెంప మీదికి వెళ్లాక మళ్లీ "ఊఁ". దేవకుమారి తన సంచీలోంచి కాటుక పెన్సిలు తీసి, మాట ఆగిన చోటు నుంచి మాట తిరిగి వచ్చిన చోటు దాకా గీత గీసింది. పెదవి కుడి మూల నుంచి గెడ్డం మధ్య దాకా, తమలపాకు ముక్కలా ఒక మచ్చ తేలింది.

తర్వాత గుండుసూది తీసుకుంది. ఒకసారి మొన, ఒకసారి తల. ఏది తగిలిందో చెప్పమంది.

"ఏదో తగిలినాది గాని... అద్దరినెవరో పిలిసినట్టున్నాది. మొనేనేమో."

పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పింది. ఆరు పెద్ద సంఖ్య కాదు. సున్నా మాత్రం కాదు. దేవకుమారి ఆ ఆరుని కాగితం మీద రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుంది.

"ఏటమ్మా ఇదంతా? నా మూతికి బొమ్మలేత్తన్నావేటి?"

"విను. మీ వల అంచున తాడు దూర్చి ఉంటుందా, అలాగే ఈ కింది దవడ ఎముక లోపల సన్నటి గొట్టం ఉంది. అందులో నరం ఉంటుంది. వెనకనుంచి వచ్చి, ఇదిగో, ఈ ముందుపళ్ల పక్కన చిన్న కన్నంలోంచి బయటికొచ్చి, పెదవికీ గెడ్డానికీ పాకుతుంది. నేను ఎముకలో దించిన మర ఆ గొట్టానికి పైన ఆగాలి."

"ఆగనేదా?"

"అదే తేల్చాలి."

"తాడు తెగిపోనాదేటి?"

"తెగితే కష్టం. నలిగితే తిరిగి వస్తుంది. మర గొట్టంలోకి దిగి ఉంటే మాత్రం ఈ రోజే తీసేయాలి."

పాపాయమ్మ చెయ్యి గభాలున దవడ మీదికి వెళ్లింది. "తీసీకమ్మా. భీమిలీలో మా యప్ప నూకాలుకి కూడా సెప్పినాను గదా. నాలాగే మర పన్ను యేయించుకోయే అని. అక్కడి డాట్రుబాబు యేత్తానన్నాడంట."

పాపాయమ్మ అక్క చెప్పిన ఆ డాక్టరుబాబు శ్రీరామ్మూర్తి. దేవకుమారితోపాటు మద్రాసులో అదే గురువు దగ్గర నేర్చుకున్నవాడు. ఇద్దరికీ చెరో ఆరు స్క్రూలు ఇచ్చి పంపారాయన. శ్రీరామ్మూర్తికి చేతివేగం ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ మాటలేవీ దేవకుమారికి అప్పుడు గుర్తు రాలేదు. పాపాయమ్మని సత్యం ఎక్స్-రే షాపుకి చీటీ ఇచ్చి పంపి, తలుపు దగ్గరగా వేసి, ఫైలు తెరిచింది.

*

లెక్క మొత్తం ఒక్క కాగితం. ప్రతి అంకె తన చేతి రాతే.

ఎక్స్-రే ఫిల్ము మీద దవడ అసలు కంటే పెద్దదిగా పడుతుంది, గోడమీద పడే నీడ మనిషి కంటే పెద్దదైనట్టు. ఎంత పెద్దదైందో తెలియకపోతే ఎముక లోతు తెలియదు. అందుకు గురువుగారు నేర్పిన ఉపాయం ఒకటుంది. పన్ను పోయిన చోట చిగురు మీద, కొలత తెలిసిన ఉక్కు గోళీని మైనంతో అతికించి ఫిల్ము తీయాలి. ఫిల్ము మీద గోళీ ఎంత పెరిగిందో ఎముకా అంతే పెరిగినట్టు.

గోళీ ఐదు మిల్లీమీటర్లది. ఫిల్ము మీద ఆరు పడింది. చిగురు కింది ఎముక అంచు నుంచి నరం గొట్టం దాకా ఫిల్ము మీద పదిహేను. అంటే అసలు ఎముక పన్నెండున్నర. అందులో రెండు తీసేసింది. పదిన్నర మిగిలింది. పది మిల్లీమీటర్ల స్క్రూ వేసింది.

ఆ రెండు మిల్లీమీటర్ల గురించే శ్రీరామ్మూర్తి మద్రాసులో ఎగతాళి చేసేవాడు. "స్క్రూ ఎంత పొడవుంటే అంత గట్టి. దేవకుమారి మాత్రం రెండు మిల్లీమీటర్లు కానుక పెట్టెలో వేసి వస్తుంది" అనేవాడు. తను అర మిల్లీమీటరు వదిలితే చాలనేవాడు. గురువుగారు నవ్వలేదు. "ఆ రెండూ నీవి కావమ్మా. నీకు తెలియని నీ తప్పులవి. వాటి వాటా వాటికి ఉంచు" అన్నారు.

దేవకుమారి స్కేలు పెట్టి ఫిల్ముని మళ్లీ కొలిచింది. పదిహేనే. గోళీ నీడ కొలిచింది. ఆరే. గుణించింది, భాగించింది. తప్పు లేదు. అయినా కాగితం పక్కన పెట్టబుద్ధి కాలేదు. ప్రతి అంకె మీదా వేలు పెట్టి, ఇది నేను కొలిచానా, ఇది నేను కొలిచానా అని అడుగుతూ వచ్చింది. ఐదు దగ్గర వేలు ఆగింది.

ఐదు తను కొలవలేదు. భర్త చెబితే రాసుకుంది.

శుభాకర్ రేవు పక్కన ఓడల మరమ్మతు వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఫోన్ చేస్తే మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు మైక్రోమీటరు పట్టుకొచ్చాడు. ఇంట్లో ముందుగది క్లినిక్కు, వెనక వాళ్ల కాపురం. అల్మరాలోంచి హార్లిక్స్ సీసా దించాడు. దాన్నిండా పాత బేరింగుల గోళీలు.

"ఆ గోళీ మీరు కొలిచారా?" అంది దేవకుమారి.

"కొలవడమేంటి దేవీ? ఈ సైజువన్నీ ఐదువే. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న కంట్రాక్టరు మిషను బాగుచేసినప్పుడు విప్పిన బేరింగువి. రష్యావాళ్ల సరుకు. వాళ్లు మిల్లీమీటరు తప్పితే ఇంకోటి చెయ్యరు."

"కొలిచారా?"

"నా కళ్లు ఇరవై ఏళ్లుగా..."

"ఏమండీ. కొలిచారా, లేదా?"

శుభాకర్ ఆమె చేతిలోంచి గోళీ తీసుకున్నాడు. దానికి ఇంకా కాస్త మైనం అంటుకుని ఉంది. చొక్కా అంచుతో తుడిచి, మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, మర నెమ్మదిగా తిప్పాడు. కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. విప్పి, మళ్లీ బిగించి చూశాడు.

"నాలుగు పాయింటు డెబ్భై ఆరు" అన్నాడు.

"అంటే?"

"అంటే... ఇది మిల్లీమీటర్లది కాదు. అంగుళాలది. అంగుళంలో పదహారింట మూడు వంతులు." అతని మొహం మాడిపోయింది. "పాత ఇంగ్లీషు క్రేను బేరింగులోది. రెండు రకాలూ ఒకే సీసాలో పోశాను. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలీదు దేవీ. ప్రభువా, ఏం చేశాను నేను!"

గోళీ చిన్నదైతే ఫిల్ము మీద నీడ తను అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగినట్టు. అంటే ఎముక తను అనుకున్నంత లేదు. దేవకుమారి పెన్సిలు తీసుకుంది. నాలుగు పాయింటు డెబ్భై ఆరుని పదిహేనుతో గుణించి, ఆరుతో భాగించింది. ఒకసారి చేసి, కాగితం తిప్పి వెనక మళ్లీ చేసింది.

పదకొండు పాయింటు తొమ్మిది.

"చెప్పవేం?" అన్నాడు శుభాకర్. అన్నం కంచం ముందు నిలబడే ఉన్నాడు.

"పన్నెండున్నర అనుకున్నది పన్నెండు కూడా లేదు."

"అయితే తగిలేసిందా?"

"స్క్రూ పది." ఆమె పెన్సిలు మొన ఆ అంకె మీద పెట్టింది. "పదకొండు పాయింటు తొమ్మిదిలో పది పోతే... ఒకటి పాయింటు తొమ్మిది. గొట్టానికీ స్క్రూకీ మధ్య ఇంకా దగ్గర దగ్గర రెండు మిల్లీమీటర్లుంది."

చెప్పి పెన్సిలు కింద పెట్టింది. గురువుగారు చెప్పిన వాటా అక్కరకొచ్చింది. తెలియని తప్పు వచ్చి తన పాలు తాను తినేసి పోయింది, నరం జోలికి పోలేదు.

"కూర్చోండి, భోంచెయ్యండి" అంది దేవకుమారి. "ఆ సీసా మాత్రం ఇవాళే ఖాళీ చెయ్యండి."

"ఇవాళ కాదు. సాయంత్రం బండికి పారాదీప్ వెళ్లాలి కదా, ఓడ పని. వచ్చాక ఒక్కో గోళీ కొలిచి రెండు డబ్బాల్లో వేస్తాను. ఒట్టు."

మూడు గంటలకి పాపాయమ్మ కొత్త ఫిల్ముతో తిరిగి వచ్చింది. ఈసారి గోళీతో పని లేదు. ఎముకలో ఉన్న స్క్రూయే కొలబద్ద. దాని పొడవు పది అని పెట్టె మీద అచ్చువేసి ఉంది. పెట్టె మాట కూడా నమ్మక, మిగిలిన స్క్రూల్లో ఒకదాన్ని గాజు గొట్టం విప్పకుండానే పైనుంచి స్కేలుతో సరిచూసుకుంది. ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించింది. నరం గొట్టం పై అంచు తెల్లటి సన్నగీతలా, ఎక్కడా తెగకుండా సాగిపోయింది. దాని పైన చీకటి. ఆ చీకటి పైన స్క్రూ అడుగు.

ఫిల్ము మీద స్క్రూ పన్నెండు పాయింటు నాలుగు. మధ్య ఎడం రెండు పాయింటు మూడు. భాగిస్తే ఒకటి పాయింటు ఎనభై అయిదు. రెండు దారుల్లో నడిచిన లెక్క ఒకే గుమ్మం ముందుకొచ్చి ఆగింది.

"తెగలేదు పాపాయమ్మా" అంది. "నలిగింది కూడా లోపల కాదు, బయట. నరం బయటికొచ్చే కన్నం ఎక్కడుందో కళ్లారా చూడాలని ఆ రోజు చిగురు కండని గంటసేపు కిందికి లాగి పట్టాను. జాగ్రత్త కోసమే. ఆ లాగడానికి నరం కమిలింది. వాపు తగ్గితే తిరిగి వస్తుంది. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు."

"వత్తాదా? నిజంగా వత్తాదా?"

"వస్తుంది. ముందు చీమలు పాకినట్టుంటుంది. భయపడకు. అది మంచిదే."

పాపాయమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించబోయి, మనసు మార్చుకుని, దేవకుమారి రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. చేతులకి వంజరం వాసన. దేవకుమారి మొహం పక్కకి తిప్పుకోలేదు.

"సుట్ట ముట్టుకున్నావో..."

"నేదమ్మా! ఆ ఒక్కటీ మానీసినాను. ఈ పాలి నాలుగూ."

*

మూడు రోజులకోసారి కాటుక పెన్సిలు బయటికి వచ్చింది. గెడ్డం మీద గీసిన మచ్చని దేవకుమారి పల్చటి కాగితం మీద దించుకుని, తేదీ వేసి, ఫైల్లో పెట్టింది. మొదటిది తమలపాకు ముక్కంత. రెండోది కాస్త కుదించుకుంది. పదమూడో రోజున పాపాయమ్మ గెడ్డం గోక్కుంటూ వచ్చింది. "సీమలు కాదమ్మా, పీతలే పాకతన్నాయి!" అంది. దేవకుమారి ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయింది.

పద్దెనిమిదో రోజు. పొద్దున్న తొమ్మిదిన్నర. బల్ల మీద ముగ్గురు మనుషులు చీటీలు పట్టుకుని కూర్చున్నారు. ముందురోజే పారాదీప్ నుంచి దిగిన శుభాకర్ వరండాలో పేపరు పరిచి, దానిమీద హార్లిక్స్ సీసా బోర్లించి, మైక్రోమీటరుతో గోళీలు ఒక్కొక్కటే కొలుస్తున్నాడు. వీధి గేటు ధడాలున తెరుచుకుంది.

"డాట్రమ్మా! కాలినాదమ్మా! కాలినాది!"

కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. పాపాయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, దేవకుమారి ముందు కింది పెదవి తానే బయటికి మడిచి చూపించింది. లోపల ఎర్రటి చుక్క.

"సురుక్కుమన్నాదమ్మా! ప్రాణం లేసొచ్చినాది!"

"మళ్లీ కాల్చావా?"

"కాల్సనేదమ్మా, పరీచ్చ సేసినాను. నువ్వు దూదితో సేత్తావు, నాను సుట్టతో సేసుకున్నాను. తప్పేటి?"

బల్ల మీద ముసలాయన పకపకా నవ్వాడు. దేవకుమారి కోప్పడదామని నోరు తెరిచి, పెదవులు బిగబట్టి, కుర్చీ చూపించింది. దూది పోగు గెడ్డం మీద ఎక్కడ పెట్టినా "ఊఁ" వచ్చింది. గుండుసూది పదికి పది. కాటుక పెన్సిలు గీయడానికి చోటు మిగల్లేదు. ఖాళీ కాగితం మీద తేదీ వేసి, ఫైల్లో పెట్టి, దేవకుమారి ఒక నిమిషం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఏడత్తన్నావేటమ్మా?"

"లేదు."

"ఇయ్యాల పాట నానే పాడినాను. సందువా సేపలు తొంబయ్యికి పోయినాయి. తొంబయ్యి! ఎన్ని పెదిమలు కావాలి ఆ మాటకి! కన్నబాబు ఎనక్కెళ్లి నిలబడ్డాడు." పాపాయమ్మ బొడ్లోంచి చుట్టల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నీ కాడే ఉంచు. పన్ను పెట్టినాక అడుగుతాను. అప్పుడూ ఇయ్యకు."

దేవకుమారి ఈసారి నిజంగానే నవ్వింది.

"ఎల్తానమ్మా. భీమిలీ బస్సెక్కాల. ఇయ్యాల్నే మా యప్పకి మర యేత్తన్నారు, పది గంటలకి. దానికి భయమెక్కువ. నాను ఎల్లీసరికి మొదలెట్టీసుంటారు గాని, అయినాక నా మూతి సూపిత్తే దైర్నమొత్తాది."

"వెళ్లిరా. నేనూ అడిగానని చెప్పు."

వరండాలోంచి శుభాకర్ గొంతు వినిపించింది. "దేవీ, ఇదేదో లెక్క కలవట్లేదు. ఆ క్రేను బేరింగులోంచి తీసిన చిన్నవి ఐదు. నీ దగ్గరున్నది ఒకటి. ఇక్కడ మూడే ఉన్నాయి."

"దొర్లిపోయిందేమో చూడండి."

"లేదు, తుడిచాను కదా, అంతా..." అతను ఆగాడు. లోపలికి వచ్చిన అతని మొహంలో నవ్వు సగం ఆరిపోయి ఉంది. "పోయిన నెల శ్రీరామ్మూర్తి బావ భోజనానికి వచ్చాడు గుర్తుందా? నువ్వు వంటింట్లో ఉన్నావు. గోళీ ఒకటి ఇయ్యి బావా, మీ ఆవిడ పద్ధతే చేస్తాను అన్నాడు. ఐదు మిల్లీమీటర్లది బావా అని నేనే చేతిలో పెట్టాను."

దేవకుమారి గడియారం చూసింది. పదికి ఐదు నిమిషాలు.

కాగితం అక్కర్లేకపోయింది. పన్నెండున్నర అనుకున్న ఎముకలో ఆ గోళీ ఆరు పదోవంతులు తినేస్తుంది. తను రెండు మిల్లీమీటర్లు వదిలింది కాబట్టి బతికింది. శ్రీరామ్మూర్తి వదిలేది అర మిల్లీమీటరు. అంటే ఐదు పదోవంతులు. ఆరు పోతే స్క్రూ నరం గొట్టంలోకి దిగుతుంది.

భీమిలి నంబరు మూడోసారికి కలిసింది. అవతల కాంపౌండరు అప్పలసూరి.

"డాక్టరుగారిని పిలువు. విశాఖపట్నం నుంచి దేవకుమారిని. అర్జంటు."

"డాట్రుగారు లోపలున్నారమ్మా. ఇయ్యాల బేగి మొదలెట్టీసినారు. సిగురు తెరిసీసినారు, ఎవరినీ రావొద్దన్నారు."

"స్క్రూ దించారా? డ్రిల్లు దగ్గరే ఉన్నారా?"

"నాకేటి తెలుసమ్మా?"

"వెళ్లి ఒక్క మాట చెప్పు. గోళీ తప్పు, ఆగమని చెప్పు. గోళీ తప్పు! పరుగెత్తు!"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ దూరంలోంచి సన్నగా, ఎడతెగకుండా, డ్రిల్లు తిరుగుతున్న మోత వినిపిస్తోంది. గుమ్మంలో పాపాయమ్మ బస్సు సంగతి మరిచిపోయి నిలబడింది. నవ్వుతూనే ఉంది గాని, దేవకుమారి మొహం చూసి ఆ నవ్వుని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియడం లేదు.

"మా యప్పకేటన్నా అయ్యిందా అమ్మా?"

దేవకుమారి చెయ్యెత్తి ఆగమంది. రిసీవరుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

డ్రిల్లు ఆగింది.

అప్పలసూరి చెప్పుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, అప్పటికి తలుపు దాకా వెళ్లనే లేదు.